తూకం వల్ల కలుగు పుష్టి

కరువు మీద ఇకనుంచి రాజకీయం చెయ్యబోమనీ, సైన్సు చేస్తామనీ మంత్రిగారు కళ్యాణదుర్గం బంగళాలో ప్రకటించారు. అది 1965 వేసవి. జిల్లాలో ఆకలి ఉందా లేదా అని అసెంబ్లీలో ప్రతిపక్షం వాళ్లు ఊరికే ప్రాణం తీస్తున్నారు. ఉందని మంత్రిగారు అనలేరు. లేదంటే వాళ్లు నమ్మరు. లండన్‌లో అచ్చయ్యే పోషకాహార పత్రికలో వస్తే మాత్రం ఎవరైనా నోరు మూసుకోవలసిందే. అది ఆషామాషీ పత్రిక కాదు. పేరు చెప్పని ఇద్దరు మహాపండితులు చదివి సరే అంటేగాని అందులో ఒక్క ముక్క అచ్చు కాదు.

ఆ భారం డాక్టర్ పరాంకుశం గారి మీద పడింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఈ పోషకాహార అధికారికి ఒకే ఒక్క కోరిక, జెనీవా మహాసభకు వెళ్లాలని. ఆయన చేతికింద కాంపౌండర్ జమాల్ బాషా. ఇతనికీ ఒకటే కోరిక, ఉద్యోగం ఉండాలని. ఇంట్లో ఆరుగురు తినేవాళ్లున్నారు మరి.

దొణపల్లెలో గంజి కేంద్రం ముందు డాక్టరుగారు అడ్డంగా తాడు కట్టించారు. ఇంటి తలుపు మీద సరిసంఖ్య ఉన్నవాళ్లు ఇటు, ఎ వరుస. బేసిసంఖ్య వాళ్లు అటు, బి వరుస. మధ్యలో వేరుశనగ మూటలు తూచే కాటా.

"ఎ వరుసకి రోజూ గంజి, తూకం. బి వరుసకి ఉత్త తూకం," అన్నారు డాక్టరుగారు.

"తూకం అయినంక సార్?"

"ఇంటికి."

"మరి వాళ్లు ఏం తినాల సార్?"

"వాళ్లు తినకూడదయ్యా. వాళ్లతో పోల్చి చూడాలి. కంపారిజన్ లేనిదే సైన్సు లేదు!"

జమాల్ బాషాకు సైన్సు మీద భయంతో కూడిన గౌరవం కలిగింది. అంతలో బయమ్మ అనే ముసలావిడ తన నాలుగేళ్ల మనవరాలు కదిరమ్మను చంకనేసుకుని వచ్చింది. ఆమె తలుపు మీద పదిహేడు అని ఉంది.

"ఏమప్పా బాషా, ఆ నెంబరు పద్దెనిమిది చెయ్యరాదా?"

"గవర్నమెంటు రాసిన నెంబరమ్మా. నేనెట్ల మార్చేది?"

మూడో వారానికి కదిరమ్మ ఒక కిలో తగ్గింది. ఎముకల గూడు లాంటి ఆ పిల్లను కాటా మీద చూసి డాక్టరుగారు చేతులు రుద్దుకున్నారు. "బ్యూటిఫుల్! మన ప్రయోగం ఫలిస్తోందయ్యా!"

జమాల్ బాషా ఆ మధ్యాహ్నం సద్దిమూట విప్పి, తినకుండానే మళ్లీ కట్టేశాడు. మర్నాడు డాక్టరుగారు బంగళాకు భోజనానికి వెళ్లగానే ఎ వరుస వాళ్ల గిన్నెల్లో నిండుగా పోసి, "నేను అట్ల పోయి బీడీ కాల్చుకోనొస్తా. నేను చూడనిదానికి రిజిస్టర్లో గడి లేదు," అని వీపు తిప్పాడు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. గిన్నెలు తాడు కిందుగా అటుపోయి సగం ఖాళీ అయి వచ్చాయి. తాడు అడ్డమొస్తోందని ఎవరో దాన్ని ఎత్తి పట్టుకున్నారు కూడా.

అలా రోజూ జరిగింది. రిజిస్టర్లో మాత్రం 'బి వరుసకు గంజి ఇవ్వలేదు' అని రోజూ రాశాడు. అది అబద్ధం కాదు, ఇచ్చింది ఎ వరుస వాళ్లు.

తొంభై రోజులయ్యాయి. ఎ వరుస తలా రెండు కిలోలు పెరిగింది. బి వరుస కూడా తలా రెండు కిలోలు పెరిగింది.

"నా జెనీవా మింగేశారయ్యా వీళ్లు!" అని డాక్టరుగారు నెత్తి కొట్టుకున్నారు. కానీ మేధావులు ఊరికే అవుతారా? కాసేపటికి డాక్టరుగారి ముఖం వెలిగింది. రెండు వరుసలకూ ఇచ్చింది ఒకటే ఉంది కదా. తూకం!

తూకమే పుష్టినిస్తుందన్న వ్యాసం లండన్ వెళ్లింది. బి వరుస వారు బయట ఏమైనా తిన్నారా అని మొదటి పండితుడు అనుమానం వెలిబుచ్చాడు. డాక్టరుగారు జమాల్ బాషాను పిలిచి అడిగారు.

"బయట తినేదానికి బయట ఏముండాది సార్?" అన్నాడు జమాల్ బాషా.

ఇరవై మైళ్ల పరిధిలో ఆహారం దొరికే అవకాశమే లేదని డాక్టరుగారు జవాబు రాశారు. పండితుడు తృప్తిపడ్డాడు. రెండో పండితుడు తాను రాసిన మూడు వ్యాసాల పేర్లు చివర చేర్చమన్నాడు. చేర్చారు. అచ్చయింది.

మరుసటి ఏడు కూడా వాన పడలేదు. మంత్రిగారు అసెంబ్లీలో పత్రిక ఎత్తి చూపించారు. ప్రతిపక్షం నోరు మూసుకుంది. వారం తిరక్కముందే గంజి కేంద్రాలు మూసి ఊరికో కాటా పెట్టాలని ఆర్డరు వచ్చింది.

ఆర్డరు చూడగానే జమాల్ బాషా పరుగున పోయి డాక్టరుగారి బల్ల ముందు నిలబడ్డాడు. "సార్, బి వరుసోళ్లు గంజి తాగినారు సార్. దినామూ తాగినారు. నేనే తాగనిచ్చినా."

"నువ్వు చెప్పేది ఎవరైనా పరిశీలించారా?"

"లేదు సార్. వీపు తిప్పినట్టే తిప్పి కండ్లారా చూసినా."

"లండన్ పండితులిద్దరూ చూడకుండానే ఒప్పుకున్నారయ్యా! అదీ సైన్సంటే." డాక్టరుగారు జెనీవా టిక్కెట్టును జాగ్రత్తగా కవరులో పెట్టుకున్నారు. "ఇంకోసారి ఈ మాటంటే సర్కారు గంజి దారి మళ్లించావని రాయాల్సొస్తుంది."

జమాల్ బాషాకు ఇంట్లో ఆరుగురూ కళ్లముందు మెదిలారు. సిగ్గుతో చచ్చిపోతూ బయటికి వచ్చాడు.

దొణపల్లెలో కొత్త కాటాకు మంత్రిగారే రిబ్బను కత్తిరించారు. వచ్చిన లారీలోనే గంజి గంగాళాలు వెనక్కి వెళ్లిపోయాయి. ఈసారి తాడు లేదు, అందరూ ఒకటే వరుస. బయమ్మ వంతు వచ్చింది. జమాల్ బాషా ఆమె ముఖం చూడలేక కదిరమ్మను కాటా మీద కూర్చోబెట్టి, అంకె రాసుకుని, దించబోయాడు.

"ఉండు బాషా," అంది బయమ్మ. "పాప నిన్నట్నుంచి ఏమీ తినలేదు. రెండుసార్లు తూచు."

మంత్రిగారు చప్పున విలేకరుల వైపు తిరిగారు. "రాసుకోండయ్యా. జనమే నోరు తెరిచి అడుగుతున్నారు!"

విలేకరులు రాసుకున్నారు. జమాల్ బాషా కదిరమ్మను దించి, మళ్లీ ఎక్కించాడు.