గాలి తిరిగేదాకా ధర్మం

ఒక్క ధర్మంతో మనిషి ఎలా బతుకుతాడండీ? కట్టుకోవడానికి రెండు పంచెలుండాలి, అన్నంలోకి రెండు కూరలుండాలి, ధర్మం మాత్రం ఒక్కటే ఉండాలట! ఇదెక్కడి న్యాయం?

మన పెద్దవాళ్లు అలాగే బతికి చెడిపోయారు. పరుల సొమ్ము పాము వంటిదన్నారు, అంతటితో సరిపెట్టుకున్నారు. విషప్పామన్నదే లేని మారిషస్ దీవికి ఓడెక్కి వచ్చాక కూడా ఆ సామెతనే పట్టుకుని వేళ్లాడారు!

ఈ దుస్థితి నుంచి మొదట బయటపడినవారు నువెల్ ఫ్రాన్స్ ఊరి భజన గురువు నరసింహులుగారు. ఏదో పనిమీద క్యూర్‌పైప్ పట్నం వెళ్లి, అక్కడి వానకి తాళలేక ఓ హాల్లో దూరారు. లోపల ఒక బారిస్టరుగారు నీతిశాస్త్రం మీద లెక్చరిస్తున్నారు. క్యూర్‌పైప్ వాన తొందరగా వదిలేది కాదు కనక, గురువుగారికి శాస్త్రం మొత్తం వంటబట్టింది.

ఎంత విశాలమైన శాస్త్రం! ఫలితం మంచిదైతే పనీ మంచిదే అంటారు కొందరు. ఫలితంతో మనకేం పని, కర్తవ్యం చేస్తే చాలంటారు ఇంకొందరు. అసలు మంచీ చెడూ చోటుని బట్టి మారిపోతాయంటారు మరికొందరు. మూడు గుమ్మాల ఇల్లులాంటిది, ఎటునుంచైనా బయటపడొచ్చు. ఇంతకాలం ఒక్క గుమ్మంతో ఎలా నెట్టుకొచ్చామా అని గురువుగారు ఆశ్చర్యపోతూ ఊరికి తిరిగొచ్చారు.

ఆ వేసవిలోనే తుఫాను పట్టుకుంది. మొదటి గాలి గురువుగారి ఇంటికప్పు మీది రేకు ఒకటి లేపుకుపోయింది. సరిగ్గా రాములవారి పటం మీదే కన్నం! ఆయన దేవుణ్ణి తలుచుకునేలోపే వెదురు కంచె అవతల నుంచి మరో రేకు ఎగిరొచ్చి పెరట్లో పడింది. ఎర్రరంగు రేకు, ఈ దీవి మాటలో తోల్. ఊళ్లో ఎర్రరేకుల కప్పున్న దుకాణం పక్కింటి అమ్మాయమ్మదొక్కటే. అంచేత అది ఎవరిదన్న సందేహం ఎవరికీ లేదు.

ఇంతలో గాలి ఆగింది, ఆకాశం తేటపడింది. ఇది తుఫాను నడిమి కన్ను మాత్రమేననీ, కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి తిరిగొస్తుందనీ ఈ దీవిలో పసిపిల్లలకీ తెలుసు. గురువుగారు చకచకా నిచ్చెనెక్కి, ఎర్రరేకును తన కన్నం మీద పరిచి మేకులు దిగ్గొట్టేశారు.

అమ్మాయమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగెత్తుకొచ్చింది.

"గురువుగోరూ, ఆ తోల్ మాదండీ! బేగి ఇచ్చీండి. మా కప్పు కన్నం కింద బియ్యం బస్తాలున్నాయి. ఊరంతటికీ అవే బియ్యం!"

మామూలు మనిషైతే రేకు ఊడదీసి ఇచ్చేసేవాడు. గురువుగారు నిచ్చెన మీదే కుదురుగా కూర్చుని శాస్త్రం విప్పారు.

"తొందరపడకు అమ్మాయమ్మా. ముందు ఫలితం చూడు. ఈ రేకు ఇక్కడుంటే రాములవారు తడవరు. అక్కడుంటే నీ ఎండుచేపలు తడవవు. లోకానికి ఏది మేలు?"

"బియ్యం అంటంటే సేపలంటారేటి!"

"సరే, కర్తవ్యం చూడు. పిలవకుండా ఇంటికొచ్చినవాడు అతిథి. అతిథిని మెడపట్టి గెంటమంటావా?"

"బొండ్యే, దేవుడా! తోల్ అతిథేటండీ?"

"పోనీ, చోటు చూడు. కంచెకి అవతలున్నంతసేపూ అది నీదే. ఇవతల పడ్డాక ఇక్కడి ధర్మమే దానికి వర్తిస్తుంది."

లోపల్నించి గురువుగారి భార్య పాపమ్మ కేకేసింది. "ఇచ్చీండి మావా! గాలి తిరిగిపోతాది!"

శాస్త్రచర్చకి ఆడవాళ్లు అడ్డురావచ్చునా? గురువుగారు వినిపించుకోలేదు. ఉపన్యాసం ముగింపులో ఉండగానే గాలి తిరిగింది. అమ్మాయమ్మ ఏడుస్తూ ఇంటికి పరుగు తీసింది.

రెండో గాలి ఏ లెక్చరూ విన్నది కాదు పాపం! ఎర్రరేకుతో మొదలుపెట్టి, గురువుగారి కప్పు మొత్తం ఒలిచి, ఒక్కొక్కటే కంచె అవతలికి విసిరేసింది. భార్యాభర్తలు రాములవారి పటాన్ని మంచం కిందికి తోసి, తామూ అక్కడే దూరారు.

గాలి తగ్గాక గురువుగారు కంచె దాటి వెళ్లారు. రేకులన్నీ ఒకచోట పేర్చి, వాటిమీద అమ్మాయమ్మ కూర్చుని ఉంది. ఆమె వెనక బియ్యం బస్తాలు ఉబ్బిపోయి నీళ్లు కారుతున్నాయి. వాటివంక చూడ్డానికి ఆయనకి మొహం చెల్లలేదు.

"రండి గురువుగోరూ. మా ఇంటికి అతిథులు శానామంది వచ్చినారు. గెంటమంటారేటి?"

అమ్మాయమ్మ కింది రేకుల్ని అరచేత్తో తట్టింది.

"కంచెకి ఇటుపక్క ఏ ధరమమో అదీ మీరే సెప్పండి."

"ఎవరిది వాళ్లకి ఇచ్చెయ్యాలి అమ్మాయమ్మా," అన్నారు గురువుగారు. "పరుల సొమ్ము పాము వంటిది."

"ఇదీ క్యూర్‌పైప్‌లోనే సెప్పినారా?"

"లేదు. మా అమ్మ చెప్పేది."

"మరి గాలి ఆగినప్పుడు ఆ యమ్మ గురుతు రానేదేటండీ?"

అమ్మాయమ్మ లేచి పక్కకి జరిగింది. "అట్టుకెళ్లండి. ఎర్రది మటుకు ఒగ్గీండి. ఈ తడి బియ్యం బస్తా కూడా మోసుకెళ్లండి. రాములోరికి నివేదన పెట్టి మీరే తినండి."

నెల్లాళ్లపాటు గురువుగారింట ఆ ముక్కిన బియ్యమే ఉడికాయి. ఇప్పుడాయన ప్రతి భజనలోనూ పాము సామెత చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు.

చూశారా? ధర్మం ఒక్కటేనని తేల్చడానికి బారిస్టర్లు చాలరు, రెండో గాలి కావాలి! తుఫానులు మన దీవికి వరమంటే కాదనేదెవరు?

ఎటొచ్చీ ఒక్కటే చిక్కు. చెరకుతోటల దొరల బంగళాలు రాతి కట్టడాలు. ఎంత గాలొచ్చినా వాటి కప్పులు కూలీల పెరళ్లలోకి ఎగిరి పడవు. అందుకని అక్కడ మాత్రం ఆ మూడు ధర్మాలూ ఇంకా నిక్షేపంగా ఉన్నాయి.