బోణీ బేరం

విజయవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు నడిపే తిరుపతిరావు ఆ ఉదయం ఒక్క బోణీ కోసం షట్టరు ఎత్తాడు. కొన్నాళ్ళుగా అక్కడ ఈగలు తప్ప ఎవరూ వాలడం లేదు. మధ్యాహ్నంలోగా బోణీ కాకపోతే కొట్టును ఫోన్ల వ్యాపారి మణికుమార్‌కు అద్దెకివ్వాలని కొడుకు సాత్విక్‌తో ఒప్పందం. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఆ కొట్టే.

ఉషశ్రీ అనే అమ్మాయి వచ్చి, ఇడ్లీ పాత్ర ఐదొందలకు బేరం చేసి, ఫోను తీసింది.

"బోణీ డబ్బు చేతికివ్వాలమ్మా. కళ్ళకద్దుకోవాలి."

"నోట్లు లేవు బాబాయ్ గారూ. ఫోను అద్దుకోండి."

"అంత ఖర్మ నాకింకా పట్టలేదు."

"అయితే వెళ్తానండీ."

"బోణీ బేరం ఉత్త చేతులతో పోతే ఇద్దరికీ అరిష్టం. కూర్చో."

ఆ అమ్మాయికీ అరిష్టమంటే భయమే. మెట్ల మీద కూర్చుంది. తర్వాత వచ్చిన రాజ్యలక్ష్మి అనే ఆవిడకు ఆయన గరిటె కూడా అమ్మలేదు. మొదటి బేరం తెగకుండా రెండోది ముట్టకూడదట. ఆవిడా కూర్చుంది. ఇంకో ఇద్దరు చేరారు. వాళ్ళను చూసి, ఏదో ఉచితంగా పంచుతున్నారనుకుని దారినపోయేవాళ్ళు వరస కట్టారు. వరస రోడ్డెక్కింది. సిటీ బస్సు ఆగిపోయింది.

సాత్విక్ ఫోన్ చేశాడు. "కొట్టు ముందు ధర్నా అంటున్నారేంటి నాన్నా?"

"బేరాలు."

"బోణీ అయిందా మరి?"

"కాలేదు."

ఎండ ఇంకా నెత్తికెక్కకముందే మణికుమార్ వచ్చాడు. జనాన్ని చూసి అతని ముఖం వెలిగింది. తమలపాకులు, అరటిపళ్ళ మీద ఐదొందల నోటు పెట్టి చాచాడు. "అడ్వాన్సండీ."

"ఫోన్లమ్ముకునేవాడివి, ఫోన్లో వెయ్యలేవా?"

"శుభమా అని మొదలుపెడతా ఫోన్లో ఏంటండీ? చేతికివ్వాలి గదా."

ఉషశ్రీ లేచింది. "అన్నా, ఆ నోటు నాకివ్వండి. మీకు ఫోన్లో కొడతా."

అంతమంది ముందు ఫోన్ల వ్యాపారి ఫోను డబ్బు వద్దనలేకపోయాడు. నోటు ఉషశ్రీ చేతిలోంచి తిరుపతిరావు చేతికి వచ్చింది. ఆయన కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు.

"మరి నా అడ్వాన్సు?" అన్నాడు మణికుమార్.

"బోణీ అయింది. కొట్టు ఇచ్చేది లేదు. పళ్ళు పట్టుకెళ్ళు."

పంచేదేమీ లేదని తెలిసి జనం తిట్టుకుంటూ కదిలారు. ఆయన ఒక్కరినీ ఆపలేదు. బోణీ అయ్యాక ఎవరు ఉత్త చేతులతో పోయినా కొట్టుకు అరిష్టం లేదు.