దాలమ్మ ఏడుపు పాటల మూలప్రతి

దాలమ్మ ఏడుపు పాటలు పద్నాలుగూ విశ్వవిద్యాలయం సర్వర్‌లోకి ఎక్కిన మంగళవారం మధ్యాహ్నం, నిబంధనల ప్రకారం, ఆమె గొంతులోంచి తొలగిపోయాయి. ఒక రచనకు ఒకే మూలప్రతి ఉండాలన్నది డిజిటల్ భాండాగారం నియమం. రెండుచోట్ల ఉంటే పరిశోధకులు ఏది ఉదహరించాలో తెలియక తికమకపడతారు. స్కాన్ చేయగానే తాటాకుల మీద అక్షరాలు చెరిగిపోయినట్టే, ఎక్కించగానే పాడే మనిషిలోంచి పాట పోతుంది. ఆ సంగతి తెలియజేస్తూ దాలమ్మకు రిజిస్టర్డ్ పోస్టులో రసీదు వచ్చింది. కోడలు చదివి వినిపించింది. దాలమ్మ విని, ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచింది.

పార్వతీపురం దాటాక కొండ కింద ఉంటుంది ఆ ఊరు. నలభై ఏళ్లుగా అక్కడ ఎవరు పోయినా దాలమ్మ వచ్చి శోకం అందుకునేది. పోయినవాళ్లు ఏ చేను దున్నారో, ఎవరితో పంతాలకు పోయారో, ఏ కూర ఇష్టంగా తినేవారో అన్నీ పాటలో పెట్టేది. ఆ పాటలు సేకరించిన సువర్చల జానపద సాహిత్య శాఖలో అధ్యాపకురాలు. మూడేళ్లపాటు ఆ ఊరికి తిరిగింది. దాలమ్మ ఇంట్లో అంబలి తాగింది, చాప మీద పడుకుంది, జ్వరమొస్తే ఆమె చేతే కాపడం పెట్టించుకుంది. పాటలు పోతాయని ముందే చెప్పింది కూడా.

"నా కోడళ్లు నేర్సుకోరు, మనవరాళ్లు ఇనరు. నీ పెట్టిలోనైనా ఉండనీ పంతులమ్మా" అని దాలమ్మే అంగీకారపత్రం మీద వేలిముద్ర వేసింది.

ఆ తర్వాత ఊళ్లో రెండు చావులయ్యాయి. ఆడవాళ్లు మాటలు లేకుండా ఏడ్చి ఊరుకున్నారు. ఎవరూ దాలమ్మను తప్పుపట్టలేదు. కరెంటు లేని పూట దీపం పెట్టుకున్నట్టే సర్దుకున్నారు. సువర్చల ఆ పాటల మీద రెండు వ్యాసాలు విదేశీ పత్రికల్లో ప్రచురించింది. వాటి మీదనే ఆమెకు పదోన్నతి వచ్చింది.

ఫాల్గుణ మాసంలో, దాలమ్మ అప్ప అని పిలుచుకునే అక్క నీలమ్మ చనిపోయింది. తల్లి లేని దాలమ్మను చంకనేసుకుని పెంచిందీ, ఆ పద్నాలుగు పాటలూ నేర్పిందీ నీలమ్మే. అప్ప తల దగ్గర కూర్చుని దాలమ్మ నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ తెరిచింది. మళ్లీ గాలే వచ్చింది. మనవడి ఫోను తీసుకుని సువర్చలకు చేసింది.

"పంతులమ్మా, మా అప్ప ఎల్పోనాది. నోట్లో పాట నేదు. ఓపాలి తెచ్చియ్యవా?"

సువర్చల మొదటి బస్సుకే లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ప్రాజెక్టు కాలం నిరుటి మార్చితో ముగిసింది కాబట్టి ఆమె లాగిన్‌కు కూడా పూర్తి పాట రాదు, ముప్పై సెకన్ల నమూనా మాత్రమే వస్తుంది. పూర్తి పాట కోసం దరఖాస్తు తెరిచింది. వినియోగ ప్రయోజనం అన్నచోట పరిశోధన, బోధన, సదస్సు అని మూడే ఉన్నాయి. ఏడుపు అన్న మాట లేదు. బోధన దగ్గర టిక్కు పెట్టి భాండాగారం అధికారికి ఫోను చేసింది.

"పరిశోధకులకు లాగిన్ ఉంది మేడమ్, విద్యార్థులకు ఉంది. ఆవిడ మూలాధారం కదా. మూలాధారాలకు లాగిన్ ఇచ్చే కాలమ్ లేదు" అన్నాడాయన మర్యాదగా.

"శవం వాకిట్లో ఉందండీ."

"అయ్యో. అయితే అర్జెంటని రాయండి మేడమ్. అర్జెంటయితే మూడు పనిదినాల్లో అయిపోతుంది."

అదే పేజీలో అడుగున ఇంకో సదుపాయం కనిపించింది: మూలప్రతిని గాయకురాలికి వాపసు చేయడం. దానికి సేకర్త అనుమతి చాలు, వెంటనే జరుగుతుంది. అయితే ఆ పాటల ఆధారంగా వచ్చిన వ్యాసాలు రద్దవుతాయి. వ్యాసాలు రద్దయితే పదోన్నతీ పోతుంది. ఆడవాళ్లు నీలమ్మకు స్నానం చేయిస్తున్నారు. సువర్చల ఆ వాక్యాలు రెండుసార్లు చదివి, ఆ పేజీ మూసేసింది. ఎవరికీ చెప్పలేదు.

అప్ప పోతే పాడే పాట నమూనా పెట్టింది. వాకిలంతా సద్దుమణిగింది.

"అప్పా, నీ సంకనెక్కి సంత సూసినానే, నీ కొంగు పట్టుకోని కొండ దిగినానే, నువ్వు దాటిన ఏరు నాను..."

అక్కడ ఆగింది. దాలమ్మ చెవి యొగ్గి విన్నది.

"ఎవులమ్మా ఆ మనిసి? ఎంత బాగా ఏడుస్తన్నాదో. ఆయమ్మకీ అప్ప పోనాదేటి?"

"అవును పెద్దమ్మా" అంది సువర్చల.

ఇంకో మూడుసార్లు పెట్టింది. ఒక రోజుకు నాలుగుసార్లే అనుమతి. నాలుగోసారి ఏరు దగ్గర ఆగిపోయాక, మగవాళ్లు పాడె ఎత్తారు.

పెద్దదినానికి సువర్చల మళ్లీ వెళ్లింది. వాపసు సంగతి చెప్పేయాలనుకునే బస్సెక్కింది. భోజనాలయ్యాక దాలమ్మ ఆమెను పెరట్లోకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుంది.

"పది రోజులకి నాలుగు ముక్కలు కూడినాయమ్మా. ఎలాగున్నాయో సెప్పు" అని సన్నగా అందుకుంది. అప్ప మునివేళ్ల మీద పసుపు మరకలు, వానలో ఇద్దరూ ఒకే గొంగడి కప్పుకుని నడిచిన దారి, పెళ్లినాడు అప్ప దాచిపెట్టి ఇచ్చిన అరిసె. పాత పద్నాలుగింటిలో ఇవేవీ లేవు. దాలమ్మ గొంతు వణికింది కానీ మాట తప్పిపోలేదు. సువర్చల కన్నీళ్లతో వింటోంది. రెండో చరణం దగ్గర ఆమె చేయి తనంతట తానే ఫోను కోసం సంచిలోకి వెళ్లింది.

దాలమ్మ చూసి పాట ఆపింది.

"పెద్దమ్మా, వద్దులే. ఇది నీ దగ్గరే ఉండనీ" అంది సువర్చల.

"నా కాడుంటే ఎవులింటారమ్మా? ఇంట్లో పాడితే టీవీ ఇనపడదంతన్నారు. నువ్వొకర్తివే కదా ఇనడానికొస్తావు."

సువర్చల ఫోను తీసి ఇద్దరికీ మధ్య, గచ్చు మీద పెట్టింది. దాలమ్మ పైటతో ముఖం తుడుచుకుంది, జుట్టు సవరించుకుంది. తెర మీద ఎర్రచుక్క వెలిగేదాకా ఓపిగ్గా చూసి, అప్పుడు మొదటి నుంచి అందుకుంది.