పక్క చేనికి తుపాకి బదిలీ

మానవజాతి తుపాకిని కనిపెట్టడానికి కొన్ని శతాబ్దాలు పట్టింది. దాన్ని పక్క చేనివాడికి అమ్మడానికి ఎంతకాలం పడుతుందన్నది మాత్రం ప్రభుత్వం ఇంకా పరిశీలిస్తూనే ఉంది. కలెక్టరాఫీసు గేటు ముందర పదకొండేళ్లుగా అర్జీలు రాసి బతుకుతున్న నేను ఈ మాట అధికారికంగానే చెప్పగలను.

నల్లప్పది ముదిగుబ్బ దాటినాక గుట్ట వార చేను. పంట రక్షణకని లైసెన్సుతో తీసుకున్న సింగిల్ బ్యారెల్ తుపాకి ఆయనకుంది. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాక, అడవిపందికీ తన ఆవుకూ తేడా తెలియడం లేదని ఆయనే ఒప్పుకున్నాడు. (లైసెన్సుదారుల్లో ఇంత నిజాయితీ అరుదు.) అందుకని పక్క చేను వీరేష్‌కు అమ్మేద్దామనుకున్నాడు. వీరేష్‌కు లైసెన్సు ఉంది, తుపాకి లేదు. నాలుగెకరాల్లో వేరుశనగ ఊడలు దిగి కాయ పడుతోంది. ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టాడు. మొదటి వారం పందులు జడిశాయి. రెండో వారం నుంచి చీర కింద తల వంచుకుని మర్యాదగా లోపలికి వస్తున్నాయి.

ఇద్దరూ నన్ను వెంటబెట్టుకుని ఆయుధ బదిలీ స్పష్టీకరణ విభాగానికి పోయారు. సూపరింటెండెంటు హేమావతి గారు నిబంధన చదివి వినిపించారు: "అమ్మదలచిన వ్యక్తి ముందుగా తగిన అధికారికి తెలియజేయవలెను."

"తగిన అధికారి ఎవరు మేడమ్?" అన్నాడు వీరేష్.

"అది ఈడ రాయలేదప్పా. నేనైతే కాదు."

"మీరు కాకుంటే యాడ చెప్పాల?"

"అది తెలీదు గానీ, చెప్పకుండా అమ్మితే కేసు. అదొక్కటి స్పష్టంగా ఉండాది."

స్పష్టత కోరుతూ పైకి రాశారు. ఇరవై రెండు రోజులకు జవాబు వచ్చింది: 'నిబంధనల ప్రకారం తగు చర్య తీసుకోవలెను.' హేమావతి గారు దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టారు.

ఈలోగా నల్లప్ప ఎందుకు అమ్ముతున్నాడో రుజువు కావాలన్నారు. కళ్లు కనబడవని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చాం. కళ్లు కనబడని మనిషి దగ్గర తుపాకి ఉండటం ప్రమాదమని ఆ రోజే నోటీసిచ్చి, దాన్ని స్టేషన్లో పెట్టించారు. (ఆ విభాగం ఒక్కరోజులో చేసిన పని నాకు తెలిసి ఇదొక్కటే.) మరుసటి వారం, స్వాధీనంలో లేని వస్తువును అమ్మడం కుదరదన్నారు.

"నా తుపాకి మీరే కదమ్మా పెట్టుకోనుండేది," అన్నాడు నల్లప్ప.

"అందుకే నీ దగ్గర లేదంటాండాం పెద్దాయనా."

ఇక కొనేవాడి అవసరం తేల్చాలి. అర్జీ పెట్టిన యాభై తొమ్మిదో రోజున ఆ విభాగం ఇన్‌స్పెక్టరు రామాంజనేయులు వీరేష్ చేనికొచ్చాడు. చేను నిండా గుంతలే, చెట్టుకు ఒక కాయ లేదు. వీరేష్ గట్టు మీద కూలబడి ఉన్నాడు.

"చెప్పకుండా నీకిచ్చేసింటే అయిపోతాండె," అన్నాడు నల్లప్ప.

"ఇచ్చింటే ఇద్దరం జైల్లో ఉంటాంటిమి పెద్దనాయనా. శెనక్కాయ ఎట్లైనా మిగిలేది కాదు."

రామాంజనేయులు రాసుకున్నాడు: 'పంట లేదు. కావున పంట రక్షణకు ఆయుధం అవసరం లేదు. తిరస్కరించడమైనది.' ఆ ఫైలు మొత్తానికి అర్థమయ్యే వాక్యాలు ఆ మూడే.

పోతూ పోతూ నష్టపరిహారం ఫారం ఒకటి ఇచ్చిపోయాడు. అందులో ఆరో గడి: 'పంటను కాపాడుకొనుటకు రైతు తీసుకున్న చర్యలు.'

ఏం రాయమంటావని అడిగాను. వీరేష్ చెప్పినట్టే రాశాను: "దరఖాస్తు చేసినాను."