ఒక్కటీ విరగని కుర్చీ

ఆ ఉదయం అల్లుడు చేయవలసిన పనులు నాలుగు. వంటింటి కుళాయికి వాషరు మార్చాలి. మామగారి నడుముకి రాసే మందు తేవాలి. వేళకి ఆఫీసు చేరాలి. వీటన్నిటికంటే ముందు, విరిగిన కుర్చీని మామగారు నిద్ర లేచేలోగా ఇల్లు దాటించాలి.

మొదటి మూడూ ఎవరైనా చేసే పనులే. నాలుగోది తలుచుకుంటేనే అతనికి చెమటలు పడుతున్నాయి. మునివేళ్ళ మీద నడుస్తూ హాల్లోకి వచ్చి చూస్తే ఏముంది, మామగారు అప్పటికే లేచి కూర్చున్నారు. ఒక చేత్తో నడుము, ఇంకో చేత్తో భూతద్దం పట్టుకుని, విరిగిన కుర్చీ కాలిని పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతున్నారు.

ఆయన ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. వేలిముద్రలే తప్ప సంతకం ఎరగని ఇంట్లో పుట్టిన ఈ అల్లుణ్ణి బడికి లాక్కొచ్చి, డిగ్రీ దాకా నెట్టుకొచ్చిందీ ఆయనే. "వీడు లెక్క తప్పొచ్చు గాని అబద్ధం ఆడడు" అన్న ఒక్క నమ్మకంతో పిల్లనిచ్చారు. అల్లుడు ఇప్పటికీ ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తాడు. ఆయన మనసు బాగుంటే "ఒరేయ్" అంటారు. "అల్లుడుగారూ" అన్నారంటే మాత్రం ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టాల్సిందే.

కుర్చీ అల్లుడు పనిచేసే కంపెనీదే. ఉద్యోగుల ధరకి వస్తోందని తెచ్చాడు. చుట్టపుచూపుగా వచ్చిన మాస్టారు నిన్న సాయంత్రం అందులో ఇలా కూర్చున్నారో లేదో, అది చెప్పాపెట్టకుండా కూలబడింది.

"ఒరేయ్, ఇలా రా. పేపర్లో మీ కంపెనీ వాళ్ళు ఏం వేయించారో చూశావా?" మాస్టారు చదివి వినిపించారు. "నగర కార్యాలయంలో పదేళ్ళు. ఒక్కటీ విరగలేదు!"

"చూశానండీ, మాస్టారూ."

చూడకేం, రాసిందే అతను. అతనిది సరుకు పంపే విభాగంలో గుమాస్తా పని. ఒకనాడు ఇంటికి బయల్దేరుతుంటే యజమాని ఆపి, "డిగ్రీ చదివావు కదయ్యా, పేపరుకి ఓ మంచి మాట రాసిపెట్టు" అన్నాడు. నగరపాలక సంస్థ వాళ్ళ ఆ కార్యాలయానికి ఎప్పుడో కుర్చీలు పంపిన సంగతి అతనికి తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదూ రాలేదనీ తెలుసు. ఫిర్యాదు రాలేదంటే విరగలేదనేగా అర్థం? బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో అంతకంటే లోతుగా ఆలోచించకుండా, రోజూ బిల్లులు కొట్టే కంప్యూటర్లోనే ఆ మాటా కొట్టి ఇచ్చేశాడు. యజమాని ఆ మాటకి మురిసిపోయి, ప్రకటనల విభాగానికి అతన్నే పెద్దని చేస్తానని మాటిచ్చాడు. ఇదంతా ఇంట్లో భార్యకొక్కదానికే తెలుసు.

"మీ యజమాని చెవిలో ఎవడో పువ్వులు పెడుతున్నాడురా" అన్నారు మాస్టారు. "పచ్చి అబద్ధాలు రాసే వెధవ ఎవడో మీ ఆఫీసులోనే ఉన్నాడు. వాణ్ణి పట్టిస్తే నీ కంపెనీకే మేలు. కాగితం తీసుకో. సమాచార హక్కు కింద ఆ నగర కార్యాలయానికే దరఖాస్తు పెడదాం. నా చెయ్యి వణుకుతోంది, నువ్వు రాయి."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమండీ, నాన్న అడుగుతున్నారుగా, రాయండి. మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కూడానూ."

దొంగకి తేలు కుట్టినట్టయింది అతనికి. తన రాతని ఎవరూ గుర్తుపట్టకూడదని, కావాలనే అక్షరాలు వంకర తిప్పి రాశాడు. మాస్టారు కాగితం లాక్కుని చూసి, "ఏమిటీ కోడిగీతలు? నీకు రాత నేర్పింది నేనేనా?" అని చించేశారు. రెండోసారి ముత్యాల్లాగే రాయాల్సివచ్చింది. ప్రశ్నలు మూడు. ఈ కంపెనీ నుంచి మీకు వచ్చిన కుర్చీలెన్ని? వాటిలో వాడుకలో ఉన్నవెన్ని? విరిగినవెన్ని? ఉత్తరం దారిలో ఎక్కడైనా జారిపోతుందేమో అని అతను ఆశపడుతుంటే, గుమ్మం దాటకముందే వెనకనుంచి వినబడింది. "పోస్టాఫీసు రసీదు తెచ్చి నాకు చూపించు!"

కొన్నాళ్ళకి యజమాని తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఉన్న కాగితం చూడగానే అల్లుడు తన రాత గుర్తుపట్టాడు. నగర కార్యాలయం వాళ్ళు ఆ దరఖాస్తు నకలు జతచేసి, మీ దగ్గరున్న వివరాలు కూడా పంపండని కంపెనీని అడిగారు.

"చూశావుటయ్యా? ఎవడో ముసలాయన వణుకు సంతకం. రాసింది మాత్రం ఎవడో చదువుకున్న దుర్మార్గుడు. రాత చూడు, అచ్చు గుద్దినట్టు!" యజమాని కాగితాన్ని గోడకి అంటించాడు. "ఈ రాత ఎక్కడ కనబడినా ఇట్టే పట్టేస్తాను. సరే, ఆ మాట రాసింది నువ్వే కాబట్టి జవాబూ నువ్వే రాయి. చేత్తో రాస్తే మర్యాదగా ఉంటుంది."

"రేపు రాస్తానండి" అన్నాడు అల్లుడు.

మర్నాడు కుడిచేతికి కట్టుతో ఆఫీసుకి వెళ్ళాడు. అంతకన్నా మంచి ఉపాయం తట్టలేదు. ఇంట్లో తెలియకూడదు కాబట్టి ఉదయం బస్టాపులో చెయ్యి విరిగేది, సాయంత్రం అదే బస్టాపులో అతుక్కునేది. రోజూ బస్సుకి వచ్చే ఒక పెద్దావిడ ఈ వైద్యం గమనించి, అతని పక్కన నిలబడటం మానేసింది.

"అయ్యో, చేతికేమైంది?" యజమాని అడిగాడు.

"పడ్డానండి."

"ఎక్కడినుంచి?"

అప్పటిదాకా దాని గురించి ఆలోచించలేదు. బుర్రలో రాత్రీ పగలూ ఒక్కటే తిరుగుతోంది. అదే నోట్లోంచి వచ్చేసింది. "కుర్చీలోంచండి."

యజమాని ముఖం పాలిపోయింది. "మన కుర్చీయేనా?"

"అబ్బే! మనది కాదండి. వేరే కంపెనీదండి!"

పాలిపోయిన ముఖం పెట్రోమాక్స్ లైటులా వెలిగింది. "శభాష్! ఫొటో వాణ్ణి పిలవండి!"

వద్దండీ వద్దండీ అంటుండగానే, కట్టు బాగా కనిపించేలా చెయ్యి పైకెత్తించి ఫొటో తీయించేశాడు. కింద ఏం రాయాలో కూడా ఈసారి తనే చెప్పాడు: "ఒక్కరోజు మా కుర్చీ వదిలాడు. చెయ్యి విరగ్గొట్టుకున్నాడు!" ఒక అబద్ధాన్ని మూయబోయి రెండోదాన్ని కన్నాడు, ఆ రెండోది పేపర్లోకి ఎక్కుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అతనికి ఆ రోజు చేతికి కట్టుండగా తెలిసింది.

ఆ సాయంత్రమే ఇంటికి నగర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. లెక్క తమకే సరిగ్గా తెలియదనీ, శుక్రవారం స్వయంగా వచ్చి కుర్చీలు చూసుకోవచ్చనీ దాని సారాంశం. కంపెనీకీ అలాంటి ఉత్తరమే వెళ్ళింది. "మన తరఫున నువ్వు వెళ్ళు" అన్నాడు యజమాని. "ఒరేయ్, నా నడుము ఇంకా కుదుటపడలేదు, నువ్వు తోడు రా" అన్నారు మాస్టారు. అడిగేవాడి వెంటా అతనే, అడిగించుకునేవాడి తరఫునా అతనే.

"ఇప్పుడైనా నాన్నకి చెప్పెయ్యండి" అంది భార్య. "రెండు తిట్లు తిడతారు, అంతేగా."

"తిడితే బాగానే ఉండును. ఏమీ అనకుండా ఊరుకుంటారేమోనని నా భయం."

శుక్రవారం పేపరు రాగానే అతను దాన్ని బియ్యం డబ్బా వెనక దాచేశాడు. ఇవాళ పేపరు రాలేదన్నాడు. మాస్టారి చెయ్యి పట్టుకుని నగర కార్యాలయం మెట్లన్నీ ఎక్కించాడు. పైన పొడుగాటి వరండా. జనం గోడ పొడుగునా బల్లుల్లా అతుక్కుని నిలబడ్డారు. కూర్చోడానికి ఒక్క బల్లయినా లేదు. మాస్టారు నడుం పట్టుకుని ఓ స్తంభానికి ఆనుకున్నారు. పక్కాయన ముఖానికి అడ్డంగా పేపరు తెరిచి చదువుకుంటున్నాడు. ఆ పేపరు వెనక పేజీ సరిగ్గా మాస్టారి కళ్ళెదుట ఉంది.

అల్లుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మాస్టారు అతన్ని పక్కకి జరిపి, కళ్ళజోడు సవరించుకుని, పేపర్లో చెయ్యెత్తుకున్న మనిషిని చూశారు. తర్వాత తన మోచెయ్యి పట్టుకున్న చేతిని చూశారు.

"అల్లుడుగారూ."

"మాస్టారూ..."

"ఇందాక నన్ను ఇన్ని మెట్లెక్కించింది ఈ విరిగిన చెయ్యేనాండీ?"

ఇక దాచడానికేం లేదు. కట్టు సంగతి చెప్పాడు, గోడకి అంటించిన దరఖాస్తు సంగతి చెప్పాడు. చివరికి, "ఆ వాక్యం రాసిన వెధవని నేనే, మాస్టారూ. విరిగాయో లేదో నాకు తెలీదు. తెలీకుండానే రాశాను" అన్నాడు. పక్కాయన పేపరు దించి వినసాగాడు. మాస్టారు తిట్టలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డారు. అతను భయపడింది దీనికే.

అంతలో సమాచార అధికారిణి బయటికి వచ్చింది. ఆవిడ ముఖంలోనూ కంగారే. "కుర్చీల గురించి వచ్చింది మీరేనాండీ? ఇలా రండి. ఏదైనా తప్పుంటే ముందు నాతో చెప్పండి, పై వాళ్ళకి రాయకండి."

వరండా చివర స్టోరు గది. కాపలాదారు తాళం తీశాడు. లోపల నేల నుంచి కప్పు దాకా కుర్చీలు. అన్నీ ఆ కంపెనీవే. ఒక్కోదానికీ వచ్చిననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది.

మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. "వీటిలో వాడుకలో ఉన్నవెన్నమ్మా?"

"ఒక్కటీ లేదండి. కొత్త భవనం కట్టాక వాడదామని అప్పటి పెద్ద అధికారి లోపల పెట్టించారట. ఆయన వెళ్ళిపోయారు. భవనం ఇంకా మొదలవలేదు."

"విరిగినవి?"

ఆవిడ గర్వంగా తలెత్తింది. "ఒక్కటీ లేదండి!"

గదిలో అందరికంటే ముందు మాస్టారి నడుము మాట్లాడింది. ఆయన మెల్లగా మూలిగి, "ఒక కవరు విప్పితే కాసేపు కూర్చుంటాను నాయనా" అని కాపలాదారుని అడిగారు.

అతను హడలిపోయి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అయ్యో, వద్దు బాబుగారూ! కూర్చుంటే విరుగుతాయేమో!"

మాస్టారు అల్లుడివైపు తిరిగారు. "మీరు రాసింది నిజమేనటండీ, అల్లుడుగారూ. అక్షరాలా నిజం. నిజమో కాదో తెలియకుండా చెప్పారు కాబట్టి మాత్రం అది అబద్ధమే. అబద్ధం ఆడబోయి నిజం చెప్పినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. దీనికి ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియడం లేదు."

అధికారిణి మూడు జవాబులూ రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది. ఫోనులో ఈ సంగతి వినగానే యజమాని ఎగిరి గంతేశాడు. "ప్రభుత్వ ముద్రతోనా! రేపు పేజీ నిండా వేద్దాం. నువ్వే రాసుకురా, ప్రకటనల విభాగం నీదే!"

మర్నాడు అల్లుడు బస్టాపులో ఆగకుండా, కట్టు లేని చేత్తోనే యజమాని గదిలోకి వెళ్ళాడు. ఉన్నదున్నట్టు చేత్తో రాసిన కొత్త ప్రకటన కాగితం బల్ల మీద పెట్టాడు. పదేళ్ళు. ఒక్కటీ విరగలేదు. ఒక్కరూ కూర్చోలేదు. యజమాని మూడో మాట దగ్గర ఆగాడు. తర్వాత కాగితం మీది ముత్యాలు చూశాడు, గోడ మీది ముత్యాలు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. కట్టు లేని చేతిని చూశాడు.

అరుపులు గేటు దాకా వినిపించాయట. ప్రకటనల విభాగం రాలేదు. గుమాస్తా ఉద్యోగం మాత్రం పోలేదు. తీసేస్తే ఆ దరఖాస్తు పెట్టిన ముసలాయన ఊరుకోడని యజమానికి ఎవరో నచ్చజెప్పారు.

ఆ సాయంత్రం మాస్టారు జరిగిందంతా విన్నారు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఒరేయ్" అన్నారు చివరికి. అల్లుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓ కాగితం ఇలా తే. కొత్త భవనం ఎప్పుడు మొదలుపెడతారో ఇంకో దరఖాస్తు రాద్దాం. కోడిగీతలు గీశావంటే మాత్రం ఊరుకోను."

మీరెప్పుడైనా ఏ ఆఫీసు వరండాలోనో గోడకి చేరబడి, కాళ్ళు పీకుతూ నిలబడాల్సివస్తే, ఆ స్టోరు గది కాపలాదారుని ఒక్కసారి తలుచుకోండి. అన్ని కుర్చీల మధ్య అతను పదేళ్ళుగా నిలబడే ఉన్నాడు, అతని కాళ్ళ గురించి ఇంతవరకు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.