యాభయ్యో సంతకం

ఆ శుక్రవారం పొద్దున వీరవేణి పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలకి బడికి వెళ్లాలి. జనరల్ బాడీ మీటింగులో లేచి ఒక్క ప్రశ్న అడగాలి. జవాబు విని, పన్నెండు లోపల ఇంటికొచ్చి వంట మొదలుపెట్టాలి. అడగాల్సిన ప్రశ్న పొడుగైనదేమీ కాదు: "మా పిల్లకి లెక్కల టీచరేరి?"

ఆ ప్రశ్న రెండు రోజుల కిందట పుట్టింది. ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు పద్మజ, సంతకం కోసం ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. వీరవేణి రాజోలు దగ్గర ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. కార్డు మీది ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు. లెక్కల్లో డెబ్బై రెండు అని ఉంది.

"డెబ్బై రెండే! టీచరు బాగా చెప్తున్నారా?"

"టీచరే లేరమ్మా. సెలవుల తర్వాత లెక్కల క్లాసే జరగలేదు. ఆ పీరియడ్‌లో బొమ్మలు వేసుకోమంటున్నారు."

"మరి పరీక్ష?"

"పెట్టలేదు."

"పాఠం లేదు, పరీక్ష లేదు. ఈ మార్కులు ఎక్కణ్ణుంచి వచ్చాయే?"

"ఏమో. పోయినేడు డెబ్బై ఒకటి వచ్చాయి," అంది పద్మజ.

ఆ క్షణాన మొదలైన కోపం వీరవేణికి రెండు రోజులైనా దిగలేదు. తను రెండిళ్లలో వంట చేసి, అంట్లు తోమి, ఆ జీతమంతా బడికి కడుతోంది. శుక్రవారం అక్కడ సెలవే అయినా, మీటింగు రోజు భర్త గణపతికి ఎయిర్‌పోర్టులో ఏసీల పని మీద ఓవర్‌టైం పడింది. యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ అతను భయం భయంగానే చెప్పాడు.

"వేణీ, అడిగేది నెమ్మదిగా అడుగు. చైర్మన్ గంగరాజు గారు మా కంపెనీ మేనేజరు. మీరిద్దరూ ఇక్కడ ఉండాలంటే వీసా కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే."

"నేను ఆయన్ని వీసా అడగట్లేదండీ. లెక్కల టీచర్ని అడుగుతున్నాను."

ఆ అరబ్బు దేశంలో, ముహర్రక్ సందుల్లో ఉన్న ఆ బడి సర్కారుది కాదు, ఏ షావుకారుదీ కాదు. పని కోసం వచ్చిన మన దేశంవాళ్లు కలిసి పెట్టుకున్నది. మూడొందల మంది పిల్లలు. తల్లిదండ్రులు ఎన్నుకున్న ఏడుగురు కమిటీగా కూర్చుని నడుపుతారు. ఫీజులతో సగం, చలికాలంలో పెట్టే ఫేర్ అనే తిరనాళ్లలో లాటరీ టిక్కెట్లు, బజ్జీలు అమ్మగా వచ్చినదానితో సగం నడుస్తుంది. తల్లిదండ్రులు అన్నది పేరుకే. నిబంధనల ప్రకారం సభ్యత్వం తండ్రికి మాత్రమే. పిల్లకి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసుకునే చోట మాత్రం తల్లి పేరు తప్పకుండా ఉంటుంది.

వీరవేణి వెళ్లేసరికి గేటు దగ్గర సెక్రటరీ రిజిస్టరు పట్టుకుని, టై బిగించుకుని, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. మీటింగు మొదలవ్వాలంటే కనీసం యాభై మంది సభ్యులు సంతకం పెట్టాలి. జనం చాలక అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. నలభై తొమ్మిది దగ్గర ఆగిపోయి ముప్పావుగంట అయింది. ఆమెని చూడగానే ఆయన ప్రాణం లేచొచ్చింది.

"మీ ఆయనేరి?" అన్నాడు హిందీలో.

"డ్యూటీ."

"పర్లేదు, పర్లేదు. ఆయన పేరు పక్కన మీరు పెట్టెయ్యండి. యల్లా, కానివ్వండి!"

వీరవేణి దొంగసంతకం పెట్టే మనిషి కాదు. గణపతి పేరు పక్కన తెలుగులో గుండ్రంగా 'వీరవేణి' అని రాసింది. సెక్రటరీకి తెలుగు రాదు. "ఖలాస్, అయిపోయింది! యాభై!" అని కేకేస్తూ లోపలికి పరిగెత్తాడు.

హాల్లో ఆమెకి తెలిసిన మొహం లింబాద్రిది ఒక్కటే. ఆర్మూరు దిక్కు మనిషి. హమద్ టౌన్‌లో ఇళ్లు కట్టే కంపెనీలో ఫోర్‌మన్. కొడుకు ప్రోగ్రెస్ కార్డు జేబులోంచి తీసి, పక్కన కూర్చున్న ప్రతివాడికీ చూపిస్తున్నాడు.

"సూడక్కా, మా పోరనికి లెక్కల్ల నూటొక్కటి అచ్చినయ్."

"ఎంతకి?"

"నూటికి. గంత ఉషారున్నడు!"

వీరవేణి ఏదో అనబోయింది గానీ, వేదిక మీద గంగరాజు మైకు అందుకున్నాడు. ఆయన తెలుగాయనే అయినా సభల్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. మాటకీ మాటకీ మధ్య ఇసుకరేణువు పోయే సందు కూడా లేకుండా మాట్లాడతాడు. ఆయన ఎప్పుడు ఆగుతాడా అని ఆమె కాచుకుని కూర్చుంది. పావుగంటకి ఆగాడు. సభ వైపు చూస్తూ ఏదో అడిగినట్టు అనిపించింది. ఆమె చటుక్కున చెయ్యెత్తింది.

వేదిక మీద కమిటీవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

హాల్లో వాళ్లంతా వెనక్కి తిరిగి ఆమెని మింగేసేలా చూశారు. లింబాద్రి కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏందక్కా గిట్ల జేసినవ్! నెలకు రెండు దినార్లు ఫీజు పెంచుడుకు ఒప్పుకుంటవా?"

"నేనెక్కడ ఒప్పుకున్నాను? ప్రశ్న అడగడానికి ఎత్తాను!"

"గాళ్లు రాసేసుకున్నరు. కమిటీ ప్రతిపాదించిందట, గణపతి బలపరిచిండట."

వీరవేణికి ఒళ్లు మండింది. తన చేత్తో తనే తన నెత్తిన రెండు దినార్లు పెట్టుకున్నట్టయింది. ఆగండి ఆగండి అంటూ లేచి నిలబడింది. అంతలోనే ఫేర్ ఖర్చులకి ఆమోదం కూడా అయిపోయింది. తర్వాతి అంశం కమిటీలో ఖాళీ అయిన ఒక స్థానం. ఇష్టమున్నవారు లేచి నిలబడండి అంటున్నాడు గంగరాజు. హాలు మొత్తంలో నిలబడి ఉన్నది వీరవేణి ఒక్కతే.

ఆమె "వద్దండీ, నా ప్రశ్న" అనే లోపల గణపతి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. సెక్రటరీ ఒక ప్లాస్టిక్ పూలగుత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్లకి ఫేర్ బాధ్యత ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. బాధ్యత చూపిస్తానంటూ ఆమెని ఆఫీసు వెనక గదికి తీసుకెళ్లి, కుర్చీ లాగి, తను మీటింగుకి పరిగెత్తాడు.

గది నిండా లాటరీ టిక్కెట్ల కట్టలు, రంగు కాగితాల తోరణాలు, గాజుల పెట్టెలు. వాటి మధ్య ఒక సన్నపాటి మనిషి కూర్చుని టిక్కెట్ల మీద నెంబర్లు గుద్దుతోంది. వీరవేణి పూలగుత్తిని బల్ల మీద పడేసింది.

"ఎందుకమ్మా ఈ ఫేరు? దేనికి ఇంత హంగామా?"

"నిధుల కోసం అక్కా. లెక్కల టీచర్ను వెట్టాలంటే పైసలు గావాలె గద."

"అలాగా. ఇంతకీ నువ్వెవరు?"

ఆమె ముద్ర పక్కన పెట్టి, తల దించుకుంది. "శోభారాణి. లెక్కల టీచర్ను."

వీరవేణి ఆ టిక్కెట్ల కట్టల్నీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. "లెక్కల టీచర్ని పెట్టడానికి ఫేరు. ఆ ఫేరు కోసం లెక్కల టీచర్ని క్లాసులోంచి లాగేశారా?"

"సెలవులయినప్పటి సంది గీ గదిలనే ఉన్న. తమాషా కాదక్కా. క్లాసుకు వోతనని మూడుసార్లు కాగితం రాసిచ్చిన. ఫేరు అయినంక సూద్దామన్నరు."

"మరి మార్కులు ఎవరేశారు?"

శోభారాణి టిక్కెట్ల కట్టని పక్కకి జరిపింది. "నాతోనే ఏయించిన్రు. ఖాళీగ ఉంచితే పైవాళ్లు అడుగుతరట. పోయినేడు మార్కులకు ఒక్కొక్కటి కలుపుమన్నరు. ప్రగతి గనవడాలె గద అన్నరు. నాకు నిద్ర వడ్తలేదక్కా."

వీరవేణి చివాలున లేచింది. శోభారాణి చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది. అక్కడ వందన సమర్పణ జరుగుతోంది. తిన్నగా వేదిక ఎక్కి గంగరాజు చేతిలోంచి మైకు లాక్కుంది. ఇళ్లలో పనికి నేర్చుకున్న హిందీ ఆమెకి ఆ పూట ఎక్కడా తడబడలేదు.

"సంతకం పెట్టి తిరిగివ్వాలని తెచ్చుకున్న కార్డులున్నాయి కదా, తియ్యండి! లెక్కల మార్కుల్లోంచి ఒకటి తీసెయ్యండి. పోయినేడు మీ పిల్లలకి వచ్చింది అంతేనా కాదా చూసుకోండి. ఇదిగో లెక్కల టీచరు. మూడు నెలలుగా లాటరీ టిక్కెట్లు గుద్దుతోంది!"

హాల్లో కార్డులు టపటపా తెరుచుకున్నాయి. ముందు వరసలో ఎవరో "ఔను" అన్నారు. వెనక ఇంకెవరో తిట్టారు. లింబాద్రి తన కార్డుకేసి చాలాసేపు చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నూటికి నూటొక్కటి!" అని అరిచాడు. "కూలోళ్ల క్యాంపంతా మిఠాయి పంచిన గదరా! నా పోరన్ని గాదు, నన్ను ఎర్రోన్ని జేసిన్రు!"

హాలంతా లేచి నిలబడింది. కుర్చీలు పడుతున్నాయి. గంగరాజు మొహం కందగడ్డలా అయింది. సెక్రటరీ చేతిలోంచి రిజిస్టరు లాక్కుని తిరగేశాడు. గణపతి పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. ఆయనకి తెలుగు వచ్చు.

"వీరవేణి! ఇది గణపతి సంతకం కాదు. చూడమ్మా, నువ్వు సభ్యురాలివే కాదు. నీకు ఇక్కడ మాట్లాడే హక్కు లేదు. ఈ సంతకం చెల్లదు, నీ ఎన్నిక చెల్లదు!" ఎర్ర పెన్ను తీసి, అందరూ చూస్తుండగా ఆ పేరు మీద అడ్డంగా రెండు గీతలు గీశాడు. "దిగు కిందికి!"

వీరవేణి దిగలేదు. సెక్రటరీ మాత్రం గంగరాజు చెవి దగ్గర వంగాడు. ఆ కంగారులో మైకు ఆపడం ఎవరికీ తోచలేదు. ఆయన గుసగుస హాలంతా వినిపించింది.

"సార్, అది కొట్టేస్తే నలభై తొమ్మిదే. మీటింగు జరగనట్టే సార్. ఫీజూ పోయింది, ఫేరూ పోయింది."

అంతటి గంగరాజూ పెన్ను మూత పెట్టడం మర్చిపోయాడు. మరుక్షణంలో ఆయన గొంతు తేనెలా మారింది. "చూడమ్మా వీరవేణీ, ఏదో తొందరపడ్డాను. పక్కన ఇంకో సంతకం పెట్టెయ్యి."

"ఇందాకే చెల్లదన్నారు కదండీ."

ఇక ఆయనకి మిగిలింది గణపతే. ఎయిర్‌పోర్టు అక్కడికి పది నిమిషాల దారి. కంపెనీ బండి పంపి పిలిపించాడు. బండి వెళ్లి వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు. గణపతి నూనె మరకల యూనిఫాంతో, చేతిలో స్క్రూడ్రైవరుతో, పెళ్లానికి ఏమైందో అని పరిగెత్తుకొచ్చాడు. గంగరాజు పెన్ను అతని చేతిలో పెట్టాడు.

"ఇక్కడ సంతకం పెట్టు గణపతీ. పొద్దున పది నుంచీ నువ్వు ఈ మీటింగులోనే ఉన్నట్టు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "మార్చిలో వీసా కాగితం నా దగ్గరికే వస్తుంది, గుర్తుంది కదా," అన్నాడు.

ఆ మాట వీరవేణికీ వినిపించింది. గణపతి పెళ్లాం మొహం చూశాడు. పక్కనే ఏడుస్తున్న టీచర్ని చూశాడు. పెన్ను రిజిస్టరు దాకా వెళ్లి ఆగింది.

"ఆయ్, పెట్టేద్దును గానండీ, పొద్దున ఆరు నుంచీ ఎయిర్‌పోర్టులో డ్యూటీలో ఉన్నట్టు అక్కడ పెట్టానండి. ఒక మనిషి రెండు చోట్ల సంతకం పెడితే ఉద్యోగం తీసేస్తామని నోటీసు అంటించారండి. కింద మీ సంతకమే ఉందండి."

గణపతి పెన్నుకి మూత పెట్టి, రెండు చేతులతో గంగరాజుకి తిరిగిచ్చాడు.

లింబాద్రి వేదిక ఎక్కి ఆ పెన్ను అందుకున్నాడు. "నాది గూడ కొట్టెయ్," అంటూ తన సంతకం తనే కొట్టేసుకున్నాడు. వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. చివరికి రిజిస్టరులో మిగిలినవి కమిటీవాళ్ల సంతకాలే.

శోభారాణి కళ్లు తుడుచుకుంది. "ఫేరే లేనప్పుడు నేను ఆ గదిల గూసుండి ఏం జేస్త సార్? రేపటి సంది క్లాసుకు వోత," అంది. ఎవరి జవాబు కోసమూ ఆగలేదు.

గంగరాజు మాత్రం చైర్మన్‌గానే ఉన్నాడు. జరగని మీటింగులో ఎవరినీ దింపే వీలు లేదట. అది విన్నాక వీరవేణి కోపం మళ్లీ మొదటికొచ్చింది. తల్లుల పేర్లు కూడా సభ్యుల్లో రాసేదాకా నెలనెలా వచ్చి ఇదే గేటు దగ్గర నిలబడతానని సెక్రటరీకి చెప్పి మరీ బయటికొచ్చింది. దారిలో గణపతి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

"మార్చిలో వీసా ఉందే."

"మార్చికి నాలుగు నెలలుందండీ. పిల్లకి లెక్కలు రేపే."

శనివారం నాడు శోభారాణి ఎనిమిదో తరగతికి మూడు నెలల పాఠం బాకీ ఒక్కరోజులోనే తీర్చడం మొదలుపెట్టింది. నలభై లెక్కల హోంవర్కుతో ఇంటికొచ్చిన పద్మజ, వారం దాకా తల్లితో మాట్లాడలేదు.