మంత్రిగారి సందేశం ఎక్కాకే కాలవ నీళ్లు

"ఇకపై లినక్స్ ప్యాకేజీ తయారుచేయడం ఉప్మా చేసినంత తేలిక!" అని విజయవాడ సభలో మంత్రి రామకోటేశ్వరరావుగారు ప్రకటించారు. ప్రెస్‌నోట్లు రాసే నాకు ఒళ్లు పులకరించింది. లినక్స్ అంటే ఏమిటో ఆయనకు తెలియదని గిట్టనివాళ్లంటారు. తెలిసినవాళ్లు మాత్రం ఏం ఉద్ధరించారు?

మా నీటిపారుదల ఆఫీసు ఇంజనీరు జహీదా, ఏ కాలవకి ఎప్పుడు నీళ్లు వదలాలో వంతులు కట్టే ప్రోగ్రామ్ రాసింది. లాకుల దగ్గరున్న లినక్స్ కంప్యూటర్లలో అది ఎక్కాలంటే ప్యాకేజీగా కట్టాలి. కాలవ చివరనున్న శివారు రైతు శౌరయ్య నారుమడి ఎండిపోతోందని రోజూ వచ్చి మా వరండాలో కూర్చునేవాడు.

ప్యాకేజీకి అనుమతుల మెట్లు చాలా ఉండేవి. కమిటీ వేసి అన్నిటినీ ఒక్కటి చేశారు. ఆ ఒక్క మెట్టు మా డైరెక్టర్ సంజీవరావుగారు.

"మంత్రిగారి సందేశాన్ని కూడా ప్యాకేజీ చేయించానమ్మా, ఫొటోతో సహా. అది ఎక్కాకే ఏదైనా ఎక్కాలి" అన్నారాయన.

"నీళ్ల వంతుకి సందేశం ఎందుకండీ?" అంది జహీదా.

"రైతుకి ప్రభుత్వం ఎందుకమ్మా?"

ఆ అమ్మాయి సందేశాన్ని జతచేసింది. ప్రోగ్రామ్ ఎక్కింది. శివారుకి నీళ్లు బయల్దేరాయి. శౌరయ్య వరండాకి రావడం మానేశాడు.

ఇంతలో మంత్రివర్గం మారింది. పాత మంత్రిగారి సందేశాన్ని తక్షణం తొలగించాలని ఆర్డరొచ్చింది.

"సార్, ఆగండి! అది తీస్తే దాంతో ముడిపెట్టినవన్నీ పోతాయండీ!" అంది జహీదా.

"ఆర్డరులో ఆ మాట లేదే" అని సంజీవరావుగారు మీట నొక్కించారు. నిజంగానే నీళ్ల వంతుల ప్రోగ్రామ్‌తో సహా అన్నీ పోయాయి. జహీదా కళ్లు తుడుచుకుంది. కానీ ప్రెస్‌నోట్లో కన్నీళ్లకి చోటుండదు.

మళ్లీ ఎక్కించాలంటే కొత్త మంత్రిగారి సందేశం కావాలి. ఆయనకేమో ఏ ఫొటో నచ్చడం లేదు. ఈలోగా లాకుల దగ్గర గట్టిగా అరిచిన ఎగువ రైతులకే నీళ్లు వెళ్లాయి; శివారు నారుమళ్లు మళ్లీ ఎండాయి.

నెల తిరక్కుండానే విజయోత్సవ సభ జరిగింది. "మా హయాంలో పెండింగు ప్యాకేజీ ఒక్కటీ లేదు!" అన్నారు కొత్త మంత్రిగారు. లబ్ధిదారుగా శౌరయ్యను వేదికెక్కించి మైకిచ్చారు.

అతను మైకందుకుని, "కాసిని మంచినీళ్లు ఇప్పించండయ్యా" అన్నాడు.

సంజీవరావుగారే స్వయంగా సీసా అందించారు. శౌరయ్య మూతైనా తియ్యలేదు. సీసాను తుండుగుడ్డలో జాగ్రత్తగా చుట్టుకుని, మెట్లు దిగి, తన ఊరి బస్సెక్కాడు.

రైతుల్లో నీటి పొదుపు పెరిగిందని ప్రెస్‌నోట్ రాసి పంపించాను.